పెంకు రంగు

ఇండోనేషియాలోని పెకలోంగన్‌లో హర్తినీ గారి బాతిక్ అద్దకం షెడ్డు. రంగులు కలిపే మెషీనుకి పైథాన్‌లో ప్రోగ్రాము రాసేది ఇద్దరు: పదకొండేళ్ళుగా ఉన్న దర్సోనో, ఏడు నెలల కిందట చేరిన రత్మి. సోమవారం పొద్దున పది గంటలు.

"...పన్నెండు తానులన్నా! పన్నెండూ పోయాయి. నీలం రావాల్సింది, వానకి తడిసిన పెంకు రంగు వచ్చింది."

"నాకెందుకు చెప్తున్నావు రత్మీ? అమ్మగారి ముద్దుబిడ్డవి, ఆవిడకే చెప్పుకో."

"చెప్పా. తప్పెక్కడుందో మధ్యాహ్నంలోగా చూపించమంది. కాస్త పక్కన కూర్చో అన్నా."

"నాకు పనుంది."

"ఏం పని?"

"ఉంది."

"కాఫీ తాగుతున్నావు కదా."

"అదే, తాగుతున్నా. సరే సరే, జరుగు. ఇందులో నువ్వేం రాశావు?"

"ఈ ఒక్క లైనే. రంగులు కలిపే ఫంక్షన్ని పిలిచా. బ్రాకెట్లో ఎనిమిది, మూడు. ఎనిమిది పాళ్ళు నీలం, మూడు పాళ్ళు గోధుమరంగు."

"అక్కడే తప్పు చేసుంటావు. ఒప్పేసుకో, అయిపోతుంది."

"ముందు చూద్దాం. డీబగ్గర్ పెట్టా. ఈ లైను పక్కన ఎర్ర చుక్క పెడితే ప్రోగ్రాము ఇక్కడే ఆగుతుంది. ఇదిగో, ఆగింది. ఇప్పుడు ఫంక్షను లోపలికి ఒక్కడుగు."

"ఇలా అడుగులేసుకుంటూ పోతే సాయంత్రమవుతుంది. తప్పు నీదని తెలిశాక ఇంకా..."

"అన్నా, ఇటు చూడు! పక్కన పేర్లు, వాటి విలువలు. గోధుమ దగ్గర ఎనిమిది. నీలం దగ్గర మూడు!"

"ఊఁ."

"నేను పంపిన మొదటి అంకె మొదటి పేరులోకి పోయింది, రెండోది రెండోదాంట్లోకి. ఎనిమిదంటే నీలమని దానికేం తెలుసు? వరసే చూసుకుంటుంది. కానీ ఫంక్షన్లో నీలం కదా ముందుండాలి?"

"ఎప్పుడూ గోధుమే."

"కాదన్నా. శుక్రవారం మధ్యాహ్నం దాకా నీలమే ముందు. ఆ రోజు రెండు తానులు బాగానే వచ్చాయి."

"అయితే నన్నడుగుతావేం?"

"ఫంక్షను నువ్వు రాసిందేగా."

"నేను రాసిందే. ఇక్కడ అన్నీ నేను రాసినవే. పదకొండు లెబరాన్ పండగలు గడిచాయి, ఒక్కసారైనా ఒక్క మంచిమాట విన్నానా? నీకు మాత్రం ఏడు నెలలకే అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు."

"దానికీ దీనికీ ఏంటన్నా సంబంధం?"

"ఏం లేదు. సంబంధం లేదు."

"మరి ఎవరు మార్చారు?"

"నాకేం తెలుసు? పేర్లు పెట్టి పంపుంటే ఈ గొడవే ఉండేది కాదు. నీలం ఈక్వల్స్ ఎనిమిది, గోధుమ ఈక్వల్స్ మూడు. వరస ఎటు తిరిగినా దేనిది దానికే పోయేది. అదీ రాదు నీకు."

"రాదు. ఇప్పుడు నేర్చుకున్నా. ఆగు, అలాగే రాసి చూస్తా. ఆఁ! నీలం ఎనిమిది, గోధుమ మూడు. సరిపోయింది. అయినా పాడైన తానుల సంగతి..."

"రత్మీ! ఆ పెంకు రంగు తానులు మిగతావెక్కడ?"

"షెడ్డులోనే ఉన్నాయి హర్తినీ అమ్మగారూ. తప్పు దొరికింది, నేను..."

"తప్పేంటే! సోలో ఊరి నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఆ రంగు దగ్గర్నుంచి కదల్లేదు. ఇలాంటిది ఎక్కడా చూళ్ళేదట. ఇంకో వంద తానులు కావాలట. ఇక నుంచి దాని పేరు రత్మి రంగు!"

"అమ్మగారూ, అది నేను కాదు..."

"నువ్వు కాకపోతే ఇంకెవరే? దర్సోనో, నువ్వైనా చెప్పు దీనికి."

"రత్మి రంగేంటండీ! శుక్రవారం సాయంత్రం ఆ రెండు పేర్లూ అటూ ఇటూ మార్చింది నేను! కావాలనే మార్చా!"