రష్యా తిరమిసు కింద చప్పుడు

మామయ్య కోతలు మొదలుపెట్టాడంటే కత్తులు సానబట్టేవాడైనా చక్రం ఆపి వినాల్సిందే. ఆ మధ్యాహ్నం మేనకోడలి కేకుల షాపు ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా పక్క షాపు దర్జీ. గుమ్మంలో కూర్చుని ట్రేలు తుడుస్తూ గిన్నెల పిన్ని. రెండేళ్లుగా ఈ షాపులో గిన్నెలు కడుగుతోంది కాబట్టి అందరికీ ఆ పేరే అలవాటు.

మేనకోడలు కుర్చీలో వెనక్కి వాలి, ఎనిమిదో నెల పొట్ట మీద చెయ్యేసుకుని వింటోంది. వచ్చే సోమవారం నుంచి మంచం దిగొద్దని డాక్టరమ్మ ఖరాకండిగా చెప్పేసింది. మూడు నెలల పాటు వంటింటి తాళాలు ఎవరి చేతిలో పెట్టాలా అన్నదే ఆమె బెంగ. ఆ సంగతి చెవిన పడే మామయ్య వారం కిందట పెట్టె సర్దుకుని దిగాడు. అమ్మ తోడబుట్టినవాడు, కాదంటే బాగుండదు. అవునంటే షాపు గతేమిటో.

నా చెయ్యి ఎలాంటిదో నీకు తెలీదమ్మాయ్ అంటూ ముందు చిన్నగానే ఎత్తుకున్నాడు. ముప్పై ఏళ్ల కిందట ఒక పెద్ద హోటల్లో ఆయన మూడో వంటవాడు. మొదటివాడికి జ్వరం, రెండోవాడికి పంటినొప్పి. సరిగ్గా ఆ రోజే ఒక ముసలి రష్యా దొర దిగి, కాఫీలో ముంచిన బిస్కెట్ల పొరలతో ఇటలీవాళ్లు చేసే తిరమిసు కావాలి, కానీ తింటే మా ఊరు గుర్తు రావాలి అన్నాడట. ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. మామయ్య కాఫీ మానేసి చిక్కటి నల్ల టీ కాచాడు, బిస్కెట్లు మానేసి తేనె కలిపిన పిండితో కాగితమంత రొట్టెలు కాల్చాడు, తియ్యటి క్రీము బదులు పుల్లటి మీగడ గిలక్కొట్టాడు. టీలో ముంచిన రొట్టె ఒక పొర, మీగడ ఒక పొర, చివర్న కోకో పొడి. ఇంతవరకూ మేనకోడలు తల ఊపింది. వరసలో తప్పేమీ లేదు మరి.

"నాలుగు రొట్టెలు పేర్చాను. మీగడ కోసం ఇలా తిరిగి అలా చూసేసరికి ఐదున్నాయి," అన్నాడు మామయ్య.

"లెక్క తప్పుంటారు," అన్నాడు దర్జీ.

"నేనూ అదే అనుకున్నానోయ్. ఇంకోటి వేశాను. తొమ్మిదయ్యాయి. పోనీ గిన్నె పైకి పొంగిందా అంటే, లేదు. అంచు దగ్గర ఎంతుండాలో అంతే ఉంది. మరి పొరలన్నీ ఎటు పోతున్నట్టు? కిందికి."

చెంచా గుచ్చాడట, అడుగు తగల్లేదు. గరిటె గుచ్చితే పిడితో సహా మింగేసింది. చెంచాకి దారం కట్టి వదిలాడు. ఒక ఉండ అయిపోయింది, రెండోది ముడేశాడు, మూడోది కూడా అయిపోయి కొస వేలికి చుట్టుకుని నిలబడితే, కిందనుంచి ఎవరో రెండుసార్లు లాగారట. చేప లాగినట్టు కాదు. నిద్రపోయేవాళ్లని లేపడానికి దుప్పటి అంచు పట్టుకుని లాగినట్టు, మెల్లగా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

దర్జీ నోట్లో పెట్టుకున్న గుండుసూదిని తీసి చొక్కాకి గుచ్చుకున్నాడు.

ఆ తర్వాత చలి వచ్చిందట. పొయ్యి మీద మంట మంటలాగే ఉంది కానీ కదలడం మానేసింది. మామయ్య మీసం గడ్డకట్టి, తుమ్మితే సగం విరిగి కింద పడింది. వంటింట్లో ఇంకెక్కడా లేదు, ఆ ఒక్క బల్ల మీద మంచు కురిసింది. కురిసి ఆగాక చూస్తే కోకో పొడి మీద అడుగులు. వేలెడంత పాదాలు, చెప్పులు లేవు. అంచు నుంచి మధ్యదాకా వచ్చాయి. తిరిగి వెళ్లినవి లేవు.

కోతలేనని మేనకోడలికి తెలుసు. అయినా చేతులు వాటంతటవే కొంగును భుజాల చుట్టూ కప్పుకున్నాయి.

"అప్పుడు వినబడిందమ్మా చప్పుడు," మామయ్య గొంతు తగ్గించాడు. "కాళ్ల కిందనుంచి. టక్, టక్. కాసేపు ఆగి, గరగరమని గీకుడు. మీగడ సాపు చేసే అట్లకాడ చప్పుడు నాకు తెలీదా? కింద ఎవరో మనలాగే పొరలు పేర్చుకుంటూ పైకి వస్తున్నారు. నేనొకటి వేస్తే వాళ్లొకటి. మూడు పగళ్లు మూడు రాత్రులు, తిండి లేదు నిద్ర లేదు. చివరికి మా ఇద్దరి మధ్యా ఒక్క పొర మిగిలింది. అప్పుడు దాని వెనకనుంచి ఒక ఆడగొంతు. రష్యా భాషలో, తలుపు తియ్యమంది."

"మీకు రష్యా భాష వచ్చా?" అన్నాడు దర్జీ.

"రాదు. కానీ అర్థమైంది."

"రష్యా భాష కాదండీ," అంది గిన్నెల పిన్ని.

అందరూ అటు తిరిగారు. ఆవిడ చేతిలో గుడ్డ ఎప్పుడో ఆగిపోయి ఉంది.

"మన మాటే. అన్నది నేనే."

ఆ హోటల్లో ఆవిడది మూడో రోజట. గిన్నెలు కడిగేవాళ్ల మొహం వంటవాళ్లు చూసేది లేదు, అందుకే వారం రోజులుగా చూస్తున్నా ఈయన గుర్తుపట్టలేదు. వంటింటి నేల కింద మీగడ, చేపలు నిలవుంచే కోల్డ్ రూమ్. లోపలికి వెళ్లేవాళ్లు తమ ఏప్రాన్ బయట మేకుకి తగిలించి వెళ్లాలి, అది ఉన్నంతసేపూ తలుపు గడియ పెట్టకూడదు. అదీ అక్కడి పద్ధతి. మీగడ డబ్బా కోసం దిగిన పిన్ని తగిలించే వెళ్లింది. తలుపు దగ్గరికి తిరిగొచ్చేసరికి బయట గడియ పడి ఉంది. చేతికి దొరికిన అట్లకాడతో కప్పును తట్టింది, గీకింది, అరిచింది.

"పైన మీరు నిలబడి వినడం నాకు తెలుస్తూనే ఉంది అన్నయ్యగారూ. వచ్చి తీస్తారనుకున్నా. పరిగెత్తిన చప్పుడు వినబడింది. ఆఖరికి చేపలు తెచ్చేవాడొచ్చి తీశాడు."

మామయ్య కాలు మీది కాలు దించాడు. "నా ఏప్రాన్ నిండా తేనె ఒలికింది," అన్నాడు. "మేకుకి శుభ్రమైనది కనబడితే తీసి కట్టుకున్నా. తలుపు తెరిచి ఉందే, చలి పోతుందే అని గడియ పెట్టా." "దెయ్యం అనుకున్నా తల్లీ. ఇన్నాళ్లూ."

మేనకోడలు లేచి, నడుముకున్న తాళాల గుత్తి తీసి పిన్ని ఒళ్లో పెట్టింది. మామయ్య వైపు చూసి మెత్తగానే చెప్పింది. "నువ్వు కౌంటర్లో కూర్చో మామయ్యా. నీ మాటలు వింటూ జనం ఇంకో రెండు కేకులు ఎక్కువ తింటారు. వంటిల్లు పిన్నిది."

పిన్ని గుత్తిని వెంటనే ముట్టుకోలేదు. "మన కోల్డ్ రూమ్ తలుపుకి గడియ ఉండకూడదమ్మా. అలాగైతేనే," అంది.

మేనకోడలు సరే అనేలోపే మామయ్య లేచాడు. దర్జీ దగ్గర మిషను బిగించుకునే స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని లోపలికి నడిచాడు. గడియకి నాలుగు మరలు. తుప్పు పట్టి ఒక్కోటీ మొరాయిస్తోంది. పిన్ని వెనకే వచ్చి నిలబడింది. మూడోది ఊడాక, తల తిప్పకుండానే అడిగాడు.

"ఎంతసేపున్నావు లోపల?"

"ముప్పావుగంట ఉంటుందేమో."

నాలుగోది తిరగడం లేదు. మామయ్య రెండు చేతులూ వేసి పట్టాడు.

"కానీ అన్నయ్యగారూ," అంది పిన్ని, "మూడు పగళ్లు, మూడు రాత్రులని చెప్పారే, అది మాత్రం కోత కాదు. లోపల నాకూ అంతసేపే అనిపించింది. నేనెవరికి చెప్పినా అలాగే చెబుతాను."