బెత్తెడు ఎత్తు

టైర్లు మార్చమని తండ్రి నిన్న షెడ్డులో వదిలిపెట్టి వెళ్ళిన పాత పికప్ బండి దగ్గరికి కూతురు పొద్దున్నే ఒక్కతే వచ్చింది. గోడకు ఆనించి ఉన్న పెద్ద టైర్లను మెకానిక్‌కి చూపించింది.

“అవి వెయ్యి బాబాయ్.”

“ఇంత పాత బండికి అవి నప్పవమ్మా. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకి రాసుకుంటాయి.”

“రాసుకోనీ.”

“బండి బెత్తెడు ఎత్తు లేస్తుంది. ఆ మోకాళ్ళతో మీ నాన్న ఎలా ఎక్కుతాడు?”

ఆమె ఒక పెద్ద టైరుని బండి వైపు దొర్లించింది. మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టాడు.

“ఎక్కకూడదనేనా?”

“ఈ నెలలో రెండుసార్లు గేటుని గుద్దాడు. చూపు ఆనట్లేదు నాన్నా అంటే, గేటే ఇరుకంటాడు. నలభై ఏళ్ళు నడిపిన మనిషిని ఇక దిగమని నేనెలా చెప్పను? ఆ మాటేదో బండే చెప్పాలి.”

“సరే, ముందు నువ్వెక్కి కూర్చో.”

“నాకు క్లచ్ అందదుగా. నేను నడుపుతానంటే ఎప్పుడూ ఆయన చెప్పేది అదే. సీటు తుప్పుపట్టి జరగదు కూడానూ.”

“కూర్చోమన్నానా?”

ఆమె ఎక్కింది. పాదం క్లచ్ మీద నిండుగా ఆనింది.

“సీటు జరిపావా?”

“నిన్న మీ నాన్నే పక్కన నిలబడి, గంటసేపు నూనె పోయించి జరిపించాడు. ‘ఇక అమ్మాయే నడుపుతుందిలే, దానికి చెప్పడానికే నోరు రావట్లేదు’ అన్నాడు.”

ఆమె క్లచ్ ఒకసారి నొక్కి వదిలి, పక్క సీటు వైపు చూసింది.

“పాత సైజువే వెయ్యి బాబాయ్. పక్క సీట్లోకి ఆయన ఎక్కాలి కదా.”