కత్తిరించే బల్ల ఉన్న చోటు

కుట్టు దుకాణం పైగదిలో, మోకాళ్లు పోయి చక్రాల కుర్చీకే అతుక్కుపోయిన తల్లి లిఫ్టుల బొమ్మలు తిరగేస్తోంది. కింద దుకాణం నడిపే కొడుకు మెడలో టేపుతో ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నయ్య మాట ఎత్తకమ్మా. లిఫ్టు వీధి వైపు పెట్టించమని ఫోన్లో సలహా పారేశాడు. నీ కుర్చీ ఒక్కసారైనా కొలిచాడా?"

"అటైతే నీ దుకాణం జోలికి రాదనిరా."

"వీధిలోకి దిగి ఏం చేస్తావు?"

"ఆసుపత్రికి పోతాను. ఇంకెక్కడికి పోతాను?"

"మరి నిన్న కాలరు వంకరపోయిందని పైనుంచి అరిచావే, నీకెలా కనబడింది?"

"కనబడాలా? మిషను ఆగి ఆగి నడుస్తుంటే తెలిసిపోదూ? నీకు కుట్టు నేర్పింది ఎవరు?"

"అందుకే, లిఫ్టు దుకాణంలోకే దిగుతుంది. ఎదురుగా కూర్చుని తిట్టు."

"చోటేదిరా? కత్తిరించే బల్ల అడ్డం కదా?"

"సగానికి కోయిస్తా. నువ్వు గుండీలు కుట్టు, చాలు."

"గుండీలా! కాలర్లు నేనే కుడతా."

"ఇంకా దిగనేలేదు, అప్పుడే పెత్తనం!"

"తలుపు మాత్రం అద్దంది పెట్టించు. దిగుతూనే చూడాలి, ఏం పాడుచేస్తున్నావో."

కొడుకు కిందికెళ్లి, బల్ల పక్కకు లాగి, టేపుతో కొలిచి, లిఫ్టు దిగే చోటు చుట్టూ నేల మీద సుద్దతో గీత గీశాడు. తర్వాత పైకి వినబడేలా అరిచాడు.

"అమ్మా! నా దుకాణంలో ఐదడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు పోయింది!"