పెద్దులు పెంచిన గులాబి

అచ్చంపేటలో వాన వెలిసిన పొద్దున, అబ్దుల్ ఖాదర్ చాయ్ హోటల్ బల్ల మీద పెద్దులు బాసింపట్టేసి కూర్చున్నాడంటే ఇక లేచేది మధ్యాహ్నానికే.

"ఈ నిజాం రాజ్యంల రాళ్ల చెలకల గులాబి పెట్టినోడు ఎవడన్న ఉన్నడా? నేను పెట్టిన," అని మొదలుపెట్టాడు. "గడ్డపారేస్తే నిప్పులు రాలే నేల. బొటనేలంత నాటు గులాబి కొమ్మ గుచ్చిన. ఎండకాలమంత మాడి మాడి, వాన పడంగనె మొగ్గేసింది."

అంతవరకు నిజమే. గుడిసె పక్కన ఆ చెట్టు ఉంది. కూలికి పోయే మనిషికి తనదని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. అందుకే దాని మాటెత్తితే ఆయన గొంతు తనకు తెలియకుండానే లేచేది.

"మేకలు మెయ్యలేదా మామా?" అన్నాడు పక్కనున్న లింగయ్య.

"మేసినయ్! ఏర్లదాంక మేసినయ్. ఎన్క ఏమైందో ఎర్కేనా? చెట్టుకు కోపమొచ్చి రెండంతలు లేచింది, గుడిసె కప్పు దాటింది, నిచ్చెనేస్తెగాని పువ్వందదు, ఇగ ముళ్లంటవా, మా ఇంటిది వాటితోనే గోనెసంచులు కుడుతది. గా మేకల కోసం నల్లమల నుంచి చిరుత దిగొచ్చి, దుంకుడు దుంకుడే చెట్ల పడ్డది."

"సచ్చిందా?"

"యాడ సస్తది! వాసనకు మత్తెక్కి పండుకున్నది. తెల్లారి ఒక్కొక్క ముల్లు నేనే తీసిన. పిల్లి లెక్క చెయ్యి నాకింది. చెవు సందున పువ్వు పెట్టి, ఇంటికి పో బిడ్డా అని సాగదోలిన."

బల్లలన్నీ గొల్లుమన్నాయి.

"నవ్వకుండ్రి! గా వాసన కృష్ణ దాటింది. అవతలి ఒడ్డోళ్లు పుట్టీలెక్కి, వాసనెంబడే తెడ్లేసుకుంట మా వాకిట్ల దిగిండ్రు."

"మీ వాకిట్లకు నది యాడ నుంచి వచ్చిందే?"

"గంతమంది వచ్చినంక నది వచ్చుడు పెద్ద ముచ్చటనా? ఒక్క పొద్దుల రెండు బండ్ల పూలు కోసిచ్చిన."

ఖాదర్ కెటిల్ కింద పెట్టాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"పెద్దులన్నా, రేపు మా తాహేరా నిఖా. వాగొచ్చి మోటరు బస్సు ఆగింది, పాలమూరు నుంచి పూలు రాలేదు. పూలు లేకుండ బిడ్డనెట్ల సాగనంపాలె అని రాత్రంత నిద్ర లేదు. బండ్లొద్దు, ఒక్క గంప చాలు. ఎప్పుడు రమ్మంటవ్?"

పెద్దులు చాయ్ కప్పు పక్కన పెట్టి, వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"పదకొండున్నయ్ భాయ్," అన్నాడు చివరికి.

"గంపకు పదకొండా?"

"చెట్టుకు."

ముందు లింగయ్య పకపకా నవ్వాడు. తర్వాత ఖాదర్ కూడా ఆపుకోలేకపోయాడు. "అన్నీ తెంపితే చెట్టు బోసిపోతది గదన్నా."

"పోనియ్. బిడ్డ జడల ఉంటయ్."

మర్నాడు పెద్దులు పూలను తడి తువ్వాలలో చుట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పెళ్లింటికి నడిచాడు. ఎన్ని తెంపినవని దారిలో లింగయ్య అడిగాడు.

"పన్నెండు," అన్నాడు పెద్దులు.