ఏటవతలి గూడ్స్ షెడ్డు

సభాధ్యక్షులు, కొబ్బరి వర్తక సంఘం పెద్ద ఆంజనేయప్రసాద్ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, నాకంటే ముందొచ్చి ముందు వరుస కుర్చీలు పట్టుకున్న వర్తక మిత్రులకు, మూడో వరుసలో కూర్చుని నేనెక్కడ నోరు జారతానో అని కంగారు పడుతున్న మా ఆవిడ మహాలక్ష్మికి, గుమ్మం బయటే నిలబడిపోయిన మా ఎగుమతి జట్టు వాళ్లకు నమస్కారం. నూకయ్యా, నీ జట్టుని తీసుకుని లోపలికి రావయ్యా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీరు కూర్చునేదాకా నేను మొదలుపెట్టను. (వాళ్లు వచ్చి కూర్చున్నాక) ఆఁ, అలాగ.

అధ్యక్షుల వారు నన్ను గూడ్స్ షెడ్డుకి వెన్నెముక అన్నారు. దాని సంగతేమో గానీ, ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చుని రాసీ రాసీ నా వెన్నెముక మాత్రం వంగిపోయిందండి. (నవ్వులు) పలివెలలో మా నాన్నగారు వేదం చెప్పుకునే మనిషి. నేను గూడ్స్ గుమాస్తాగా చేరి ఒంటినిండా బూడిద రంగుతో ఇంటికొస్తుంటే, "ఆ దుమ్మేవిట్రా పట్టాభీ, గుర్తుపట్టలేకపోతన్నాను" అనేవారు. "మీరు వేదపనస చెప్పుకునే అరుగుకి వేసిన సిమెంటు నేను దింపించిందేనండీ నాన్నగారూ" అన్నానొకసారి. మన అమలాపురంలో రైలు కూత వినపడకపోవచ్చు, కానీ మన ఇళ్ల సిమెంటు, మన చేల యూరియా రైల్లో వచ్చి, ఏటవతల మా షెడ్డులో దిగి, ఏరు దాటించే పంటెక్కి ఈ గట్టుకి చేరినవే. వెళ్లేటప్పుడు అదే పంటు మీద మన కొబ్బరికాయ అవతలికి వెళ్లి, బీహారులో పట్నా దాకా ప్రయాణం చేసింది.

పది పన్నెండేళ్ల కిందటి మాట. ఇకమీదట ఒకటీ రెండూ పెట్టెలు ఇచ్చేది లేదు, తీసుకుంటే పూర్తి రేక్, అంటే నలభై పెట్టెల బండి మొత్తం తీసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మన వర్తకుల్లో నలభై పెట్టెలు ఒక్కడే నింపగలిగిన మొనగాడు ఎవరండి? పోనీ కలిసి నింపుదామంటే, ఒకరి మార్కా గోతాం పక్కన ఇంకొకరి మార్కా గోతాం నిలబడడమే తప్పని ఆ రోజుల్లో అనుకునేవారు. ఇక్కడ కూర్చున్న చాలామందికి ఆ సంగతి తెలుసు, తల దించుకోనక్కర్లేదు. (నవ్వులు) నేనూ నూకయ్యా ఊరూరూ తిరిగి, కాఫీలు తాగి తాగి, మొత్తానికి అందరినీ ఒక బండికి ఒప్పించేం.

తీరా బండి వచ్చేక పేచీ ఎక్కడొచ్చిందంటే, ముందు పెట్టె ఎవరిది? మనం గోదారి వాళ్లం, మొదటి బంతిలో విస్తరి పడకపోతే ముద్ద దిగదు కదా! ఇదిగో, ఎదురుగా ఉన్న జగ్గయ్య గారు ఇంజను పక్క పెట్టె తనకే కావాలని, మిగతా వాళ్లతో రెండు రోజులు మాటల్లేకుండా పట్టుబట్టి సాధించేరు. మా స్టేషన్‌తో లైను ఆఖరండి, వచ్చిన ఇంజను విప్పి, తిప్పి, రెండో చివర తగిలిస్తేగానీ బండి వెనక్కి కదలదు. ఆ మాట చెబుదామని నేను నోరు తెరిచినప్పుడల్లా, "మీరు ఊరుకోండి మాస్టారూ, ఇది మా పరువు సంగతండి" అనేవారు. సరే, ఊరుకున్నాను. కాయ నింపేరు, తలుపులకి సీళ్లు వేసేరు, జగ్గయ్య గారు వాళ్ల పెట్టెకి పసుపూ కుంకుమా పెట్టి హారతి కూడా ఇచ్చేరు. అప్పుడు ఇంజను విప్పి ఆ చివరికి తీసుకుపోయేరండి! (పెద్దగా నవ్వులు)

జగ్గయ్య గారు నవ్వుతున్నారు గానీ, ఆ రోజు పట్టాల మీద అడ్డంగా నిలబడ్డారు. "నా కాయ ఆఖర్న వెళ్తే మా ఊళ్లో తలెత్తుకుని తిరగగలనా అండీ?" అని ఒకటే పట్టు. గడువు దాటితే బండి ఆపినందుకు డెమరేజీ జరిమానా, మొదటి రేకే ఆగిపోతే రెండో రేక్ అన్న మాట ఉండదు. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బండి చివరనున్న గార్డు పెట్టె చూపించేను. "బండికి పెద్ద ఈయనండీ, ఈయన పచ్చజెండా ఊపితేనే ఇంజను కదిలేది, మీ పెట్టె సాక్షాత్తూ ఈయన పక్కనే ఉంది" అన్నాను. ఆయన గార్డుని ఎగాదిగా చూసి, "ఆయ్, అలాగైతే పర్లేదండి" అన్నారు. తర్వాతి రేక్‌కి ఏమైందో చెప్పమంటారా? అందరూ ఆఖరి పెట్టె కోసం కొట్టుకున్నారు. (నవ్వులు, చప్పట్లు)

అలా మొదలైన బండి ఏళ్ల తరబడి, సూర్యుడికి కొబ్బరికాయ పెట్టే ఛట్ పండక్కి బీహారుకి కాయ మోసింది. ఇప్పుడు ఏటి మీద వంతెన వచ్చింది. వచ్చినందుకు మీతోపాటు నేనూ సంతోషించేను. లారీ మీ కొట్టు గుమ్మం ముందు ఆగుతుంటే ఏటవతలికి రమ్మనడం ఎవరికైనా బరువే. కానీ పండగ రోజుల్లో ఆ లారీలే దొరక్క మీలో ఎంతమంది నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేరో నాకు గుర్తుంది. ఈ నెలాఖరులోగా ఒక్క పూర్తి రేక్ ఎగుమతి కాకపోతే షెడ్డు మూసేస్తామని కాగితం వచ్చింది. ఇక్కడ నాకు శాలువా కప్పుతుంటే, అక్కడ నూకయ్య జట్టుకి పని పోతుందన్న ఆలోచనే నా మనసులో ఉంది. ఈ శాలువా నాకు బరువుగా ఉందండి. దాచుకోను, చెప్పేస్తున్నాను.

మొన్న మంగళవారంతో నా ఉద్యోగం అయిపోయింది. బుధవారం పొద్దున్నే షెడ్డుకెళ్లి, మొదటిసారి కౌంటరుకి ఇవతలి పక్క నిలబడ్డాను. మా ఆవిడ తరఫు కొబ్బరితోట ఉంది కదా, ఆ రైతు హోదాలో పూర్తి రేక్ కావాలని ఇండెంటు కాగితం వేసేను. నా కుర్చీలోకి వచ్చిన రత్నమాల కాగితం చూసి, "ఇదేంటండీ మాస్టారూ, మీ తోట కాయ ఒక్క పెట్టెకైనా సరిపోదు కదండీ!" అంది. "నాకు స్నేహితులున్నారమ్మా" అన్నాను.



డిపాజిట్టు నా గ్రాట్యుటీ సొమ్ములోంచి కట్టేను. మహాలక్ష్మీ, నీకీ సంగతి ఇప్పుడే తెలుస్తోందని నాకు తెలుసు, నన్నలా చూడకు, ఇంటికెళ్లేక ఎంత తిట్టినా పడతాను. (నవ్వులు) భయం లేదు. మిమ్మల్ని నేను ఎరుగుదును. మీరు పట్టుబట్టేరంటే పట్టాల మీదైనా నిలబడతారు.

ఎవరు ఎన్ని పెట్టెలు నింపుతారో ఇక్కడ చెప్పొద్దు, నాకు మాట ఇవ్వొద్దు. మీరు చేసిన సత్కారానికి, పెట్టిన భోజనానికి మనసారా కృతజ్ఞతలు. వచ్చే గురువారం పొద్దుటికి ఖాళీ రేక్ వచ్చి షెడ్డులో నిలబడుతుంది, నూకయ్య జట్టు తలగుడ్డలు చుట్టుకుని సిద్ధంగా ఉంటుంది. నేను అవతలి రేవులో నిలబడి ఈ గట్టు వైపు చూస్తూ ఉంటాను. సెలవు.