మా ఇంటికొచ్చిన ఫైరింజన్

నా రిటైర్మెంట్ సభాధ్యక్షులు సీఐ రవీందర్ గారికి, ముందు వరుసలోని కోరుట్ల పెద్దలకు, వెనుక వరుసలో భోజనాల వాసన వచ్చే వైపు తిరిగి కూర్చున్న మా ఫైర్ స్టేషన్ సిబ్బందికి, సిరిసిల్ల నుంచి వచ్చిన మా బిడ్డ సౌమ్యకు నమస్కారం.

నేను ఎక్కువ మాట్లాడను. మా ఇంట్లో మాట్లాడే పని ముప్పై ఒక్క ఏళ్లు నా భార్య ప్రేమలత చూసుకుంది. ఆమె పోయి ఐదు నెలలు దాటింది. సరే.

ఇందాక రవీందర్ గారు "హైదరాబాద్ల ఇరవై ఏండ్లు చేసిండు, పట్నం ముచ్చట్లు చెప్తడు" అని మీకు ఆశ పెట్టారు. పట్నంలో పెద్ద మంటలు చూశాను. వాటి గురించి చెప్పడానికి ఏమీ ఉండదు. నీళ్లు కొడతాం, ఆరుతుంది, దగ్గుకుంటూ తిరిగొస్తాం. గుర్తుండేవి చిన్న మంటలే.

ఒకసారి అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో పొగ అని కాల్ వచ్చింది. తాళం పగలగొట్టి చూస్తే స్టవ్ మీద పప్పు మాడి బొగ్గయింది. ఇంటివాళ్లు పెళ్లికి పోయారు. కబురు తెలిసి పట్టుబట్టలతో ఉరికొచ్చిన ఆ ఇంటాయనను మెట్ల మీద నిలబెట్టి, "పొయ్యి మీద గిన్నె పెట్టి గడప దాటుతరా? చదువుకున్నోళ్లేనా మీరు?" అని అరగంట క్లాసు తీసుకున్నాను. ఆయన పెళ్లికూతురి మేనమామ అట. అక్కడ ముహూర్తం ఆగిందట. (నవ్వులు)

ఆ రెండు వాక్యాలు నాకు బాగా నచ్చాయి. అప్పటి నుంచి వెళ్లిన ప్రతి స్కూల్లో, ప్రతి మహిళా సంఘంలో అవే చెప్పాను. ఇక్కడికి బదిలీ అయ్యాక పదేళ్లపాటు మా డ్రైవర్ జలపతి పక్కన నిలబడి విన్నాడు. నిద్రలో లేపినా అప్పజెప్తాడు. జలపతీ, ఇప్పుడు లేవకు.

నాలుగు నెలల కింద, నాకు తోడున్న సౌమ్య సిరిసిల్లకు తిరిగెళ్లిన మర్నాడు, ఆదివారం పొద్దున చాయ్ కోసం పాలు స్టవ్ మీద పెట్టి, ఎప్పటిలాగే పేపర్ తెచ్చుకోవడానికి సందు చివరికి వెళ్లాను. టైలర్ షాపు ముందు మాటల్లో పడ్డాను. సైరన్ వినిపించింది. మా బండే. అలవాటు కొద్దీ రోడ్డు మధ్యకు ఉరికి, "జరుగుండ్రి, బండికి తొవ్వియ్యుండ్రి" అని ఆటోలను పక్కకు తప్పించాను. అరటిపండ్ల బండినొకదాన్ని నేనే తోశాను. జలపతి నన్ను చూసి చేతులు ఊపాడు. మెచ్చుకుంటున్నాడనుకొని సెల్యూట్ కొట్టాను. బండి మా సందులోకే తిరిగింది. ఎవరిల్లో పాపం అనుకుంటూ వెనకాల ఉరికాను.

మా గేటు ముందు ఆగింది.

స్టేషన్‌కు ఫోన్ చేసింది పక్కింటి నర్సవ్వ. ఆ సంభాషణ నాకు తర్వాత తెలిసింది.

"సారు ఇంట్లకెళ్లి పొగ అస్తున్నది, జల్ది రాండ్రి."

"ఏ సారవ్వా?"

"మీ సారే."

"గట్లయితే సారుకే చెప్పవ్వా, ఆయనే బండి పంపుతడు."

నేను చేరేసరికి జలపతి మంట ఆర్పి, నల్లబడ్డ గిన్నెను పట్టుకారుతో పట్టుకొని బయటికొచ్చాడు. వాడకట్టు మొత్తం చూస్తోంది. గిన్నె నా చేతికిచ్చి, సెల్యూట్ కొట్టి అన్నాడు: "సార్, పొయ్యి మీద గిన్నె పెట్టి గడప దాటుతరా? చదువుకున్నోళ్లేనా మీరు?" (పెద్దగా నవ్వులు)

జనాన్ని చెదరగొట్టడానికి వచ్చిన కానిస్టేబుల్ నన్ను కూడా చెదరగొట్టాడు. రిపోర్టర్ మహిపాల్, అదిగో ఇప్పుడు కూడా రాసుకుంటున్నాడు, "అన్నా, వార్త ఎయ్యాల్నా?" అన్నాడు. "ఎయ్యకు" అన్నాను. "చిన్నగ ఏస్త తీయ్" అన్నాడు. పట్నంలో పదకొండు మందిని నిచ్చెన మీద దించిన రోజు ఏ పేపర్లోనూ నా ఫొటో రాలేదు. మాడిన గిన్నెతో వచ్చింది. రంగుల్లో.

ఫైర్ రిపోర్ట్ మీద స్టేషన్ ఆఫీసర్ సంతకం, ఇంటి యజమాని సంతకం ఉండాలి. రెండూ నేనే చేశాను. నష్టం: ఒక గిన్నె, ఒక కిటికీ పరదా. ప్రమాద కారణం దగ్గర పెన్ను ఆగింది.

"నిర్లక్ష్యం అని రాయుండ్రి సార్. అందరికి గదే రాస్తం గదా" అన్నాడు జలపతి.

రాశాను. కానీ అది నిజం కాదు. ముప్పై ఒక్క ఏళ్లు నేను పాలు స్టవ్ మీద పెట్టి పేపర్‌కు వెళ్లాను. ఒక్కనాడూ పొంగలేదు. ఎందుకు పొంగలేదో నేను ఏనాడూ విచారణ చేయలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో స్టవ్ వెలిగించలేదు. మూడు పూటలా స్టేషన్ మెస్‌లో తిన్నాను. సిబ్బంది మీద ప్రేమ అని మీరనుకున్నారు. కాదు, భయం. రేపటి నుంచి మెస్ లేదు. సౌమ్య నిన్ననే తీర్పు చెప్పింది: "బాపూ, పొయ్యి ముట్టియ్యనోడివి ఒక్కడివే ఎట్ల ఉంటవ్? సిరిసిల్లకు నడువు." నా బట్టల సంచి అప్పుడే కార్లో పెట్టింది. నాకేమో ఆ ఇంట్లోనే ఉండాలని ఉంది.

ఇవాళ పొద్దున ఆరింటికి స్టవ్ వెలిగించాను. పాలు పెట్టాను. పేపర్‌కు పోలేదు. పక్కనే నిలబడ్డాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ ఆదివారం మా బండి ఇంటికి చేరింది కూడా నాలుగు నిమిషాల్లోనే. దాన్ని రిజిస్టర్‌లో గర్వంగా రాసుకున్నాం. ప్రేమలత రోజూ నిలబడ్డ నాలుగు నిమిషాలకు రిజిస్టర్ లేదు.

పాలు పైకి లేచాయి. ఆపేశాను. చాయ్ పలచగా కుదిరింది. తాగాను.

సౌమ్యా, సంచి కార్లకెళ్లి దించు బిడ్డా. వారానికోపారి, ఐతారం ఐతారం నేనే సిరిసిల్లకు అస్త.

నన్ను భరించిన స్టేషన్‌కు, ఫోన్ చేసిన నర్సవ్వకు, ఈ శాలువాకు కృతజ్ఞతలు. మీరంతా ఎప్పుడైనా చాయ్‌కి రండి. కూర్చోబెట్టి నాలుగు నిమిషాలు వంటింట్లోకి వెళ్తాను. అప్పుడు మాత్రం నన్ను పిలవకండి.

సెలవు.