సైలస్ సార్ కొట్టిన క్వెరీ

ఆదివారం ఆరాధన అయ్యాక, ఏ.ఎస్. రావు నగర్‌లో మా చర్చి ఎదురుగా ఉన్న యూసుఫ్ భాయ్ చాయ్ దుకాణం దగ్గర ఓ అరగంట నిలబడటం మాకు అలవాటు. మేమంటే నేను, ఆటో నడిపే బిక్షం, సైలస్ సార్. సైలస్ సార్ ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగు నేర్పుతాడు. మనిషి మంచివాడే. మాట మొదలుపెడితే మాత్రం దాన్ని ఎక్కడ ఆపాలో ఆయనకే తెలియదు. ఆ రోజు బిక్షం తన ఫోన్ స్లో అయిందని అన్నాడు. సార్‌కి అంత చాలు.

"ఫోన్ స్లో అయితే ఏమైతది బిక్షం? మొన్న మల్కాజ్‌గిరిల ఒక దవాఖాన కంప్యూటరు మొండికేస్తే ఒక తల్లి పానం మీదికొచ్చింది. కాన్పు కేసు. ఓ నెగెటివ్ రక్తం కావాలె. వాళ్ల తాన రక్తదాతల పట్టిక ఉంది, మూడు వేల పేర్లున్నయ్ అండ్ల. కంప్యూటర్‌ను అడిగితే ఒక్క పేరు సుత ఇస్తలేదట. నాకు ఫోన్ జేసిన్రు. పోయిన. మధ్యాహ్నం మూడింటికి, ఆ ట్రాఫిక్‌ల, పది నిమిషాల్ల పోయిన. ఎట్ల పోయిన్నో అడగకు."

"అడగలే" అన్నాడు బిక్షం.

"పోయి చూస్తే, వాళ్లు అడిగింది సరిగనే ఉంది. 'ఈ మూడు నెలల్ల రక్తం ఇచ్చినోళ్లను తీసేసి, మిగిలిన ఓ నెగెటివ్ వాళ్లను చూపియ్' అని రాసిన్రు. దాన్నే క్వెరీ అంటరు. కాని ఇచ్చినోళ్ల పట్టికల ఒక్క వరుసల దాత నంబరు రాయకుంట ఖాళీ ఇడిసిపెట్టిన్రు. ఆ ఖాళీని నల్ అంటరు. నల్ అంటే సున్నా కాదు, ఎవరో తెల్వదు అని. ఇగ కంప్యూటరు ఒక్కొక్క పేరు చేతుల వట్టుకొని, 'ఆ తెల్వనోడు వీడే కావొచ్చు, కాకపోవచ్చు, నేనెట్ల చెప్పాలె' అని అందర్నీ పక్కకు పెట్టింది. ఒక్క ఖాళీ గడి మొత్తం లిస్టును మింగేసింది. నేనేం జేసిన్నో తెలుసా? 'ఖాళీ ఉన్న వరుసను చూడకు' అని ఒక్క ముక్క కలిపిన. లిస్టు వచ్చింది."

ఇంతవరకూ నమ్మేటట్టే ఉంది. యూసుఫ్ భాయ్ కూడా పాలు కలపడం ఆపి, "మంచి పని చేసినవ్ సార్" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే కథ అక్కడితో అయిపోయేదేమో.

"అప్పుడే ఏమైంది భాయ్, ఇంకా షురూ సుత కాలే. లిస్టుల బ్రహ్మచారి అనే ఆయన పేరు ఐదు సార్లు వచ్చింది. ఎందుకంటే ఆయనకు ఐదు ఫోన్ నంబర్లు. మనుషులనూ నంబర్లనూ ఒక్క పట్టికల కుక్కిన్రు. నేను ఊకుంటనా? మనుషులకు ఒక పట్టిక, ఫోన్లకు ఒక పట్టిక, నడుమ ఒక నంబరుతోని ముడి. డిజైన్ అంటే అది. తర్వాత ఇండెక్స్ పెట్టిన. అంటే ఏ పేరు యాడుందో ముందే గుర్తు పెట్టుకునుడు. అది పెట్టినంక స్పీడు ఎట్ల పెరిగిందంటే, నేను ఎంటర్ కొట్టకముందే జవాబు వచ్చింది."

"కొట్టకముందే?"

"వేలు ఇంకా గాలిల ఉంది బిక్షం. మేము ఫోన్ చేయకముందే దాతలు మెట్లెక్కి వస్తున్నరు. ఒకాయన సగం గడ్డం గీసుకొని వచ్చిండు. 'ఎవరు పిలిచిన్రు?' అంటే, 'ఏమో, రావాలె అనిపించింది' అన్నడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎవరూ అడగలేదు. ఆయనకు అవసరం కూడా లేదు.

"డాక్టర్ వచ్చి, 'సైలస్ గారూ, ఎట్లనూ వచ్చిన్రు, మా దవాఖానల ఉన్న రెండొందల మంది పేషెంట్లకు సుత ఎవరి రక్తం ఎవరికి సరిపోతదో చూసిపెట్టండి' అన్నడు. సరే అని రెండు పట్టికలు జోడించిన. తొందరల ఒక్క షరతు రాసుడు మరిచిన. ఏ గ్రూపుకు ఆ గ్రూపే కలవాలె అనే షరతు. అది లేకపోతే కంప్యూటరు ప్రతి దాతను ప్రతి పేషెంటుతోని కలుపుతది. మూడు వేలను రెండొందలతోని గుణించు. ఆరు లక్షల మంది. మల్కాజ్‌గిరి నుంచి కాప్రా చెరువు దాంక లైను."

"మూడు వేల మందే కదా సార్ ఉన్నది" అన్నాన్నేను.

"ఒక్కొక్కడు రెండొందల సార్లు వచ్చిండు మరి. రెండొందల మంది బ్రహ్మచారులు. పేరే బ్రహ్మచారి గని పెండ్లయినోడు. అందరు కలిసి ఇంటికి పోతే, వాళ్లావిడ తలుపు తీసి చూసి, 'ఒక్కనితోనే పరేషాన్ అయితున్న' అని మళ్ల ఏసుకుంది. నేను డిస్టింక్ట్ అని ఒక్క మాట కొట్టిన. ఒకే తీరుగున్నోళ్లంతా కలిసి ఒక్కడైపోయిన్రు. కాని అప్పటికే రెండొందల మంది తలో చాయ్ తాగి ఉన్నరు. ఆ చాయంతా ఒక్క కడుపుల చేరింది. పాపం, వారం దినాలు నిద్రపోలే ఆయన."

యూసుఫ్ భాయ్ గిన్నె దింపి, "అది నా దుకాణం చాయ్ కాదు గదా" అని అడిగాడు.

ఆ సమయానికి చర్చిలోంచి ఒకామె వచ్చి చాయ్ చెప్పి పక్కన నిలబడింది. ఈ మధ్యనే మా సంఘంలో చేరిన హదస్సా. ఇంకో మనిషి దొరికేసరికి సార్ గొంతు పెరిగింది.

"ఇగ మిగిలిన జనాన్ని పంపియ్యాలె. డిలీట్ అని రాసిన. ఎవరిని తీసెయ్యాలె అన్నది రాయకముందే వేలు తగిలింది. అంతే, మొత్తం సాఫ్. లైను లేదు, రోడ్డు లేదు, మల్కాజ్‌గిరి స్టేషన్ లేదు. లోకల్ ట్రైను యాడ ఆగాల్నో తెల్వక మెల్లగ తిరుగుతుంది. నేను సుత కాళ్ల దిక్కు నుంచి పోతున్న. మోకాళ్లు పోయినయ్, నడుము పోయింది, చేతులు పోయినయ్. మిగిలిన ముక్కుతోని రోల్‌బ్యాక్, అంటే జేసిందంత ఎనక్కి తిప్పు, అని కొట్టిన."

"ముక్కుతోని స్పెల్లింగ్ తప్పలేదా సార్?" అన్నాడు బిక్షం.

"నేర్పేటోన్ని, తప్పుతదా? అన్నీ ఎనక్కి వచ్చినయ్. కాప్రా చెరువుల పడ్డ వాన సుత మబ్బులకు ఎక్కింది. ఒక్కటే తక్లీఫ్. అప్పటికే ఆ తల్లికి ఆడపిల్ల పుట్టి ఉంది. రోల్‌బ్యాక్‌ల ఆ పిల్ల సుత ఎనక్కి పోయి, గంటకు మళ్ల పుట్టింది. ఒక్క పిల్లకు రెండు బర్త్ సర్టిఫికెట్లు. వాళ్లు నా చేతులు వట్టుకొని, పిల్లకు నా పేరే పెడ్తమన్నరు. ఆడపిల్లకు సైలస్ ఏం బాగుంటది అని నేనే వద్దన్న."

బిక్షం నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. హదస్సా నవ్వలేదు.

"సార్, అది రైల్వే గేటు పక్క దవాఖానేనా?" అని అడిగింది.

"అదే అమ్మా."

"నేను ఆడ బ్లడ్ బ్యాంకుల పనిచేస్తా."

సార్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది.

"మీ మాటలు మొదటి నుంచీ చర్చి గేటు దాంక ఇనవడ్డయ్. ఖాళీ గడి సంగతి నిజమే" అంది ఆమె, మామూలుగానే. "దాన్ని పట్టుకున్నది మా దగ్గర కంప్యూటర్లు చూసే అక్సా. మీ అన్న బిడ్డనే అనుకుంట."

"ఆ... మా అక్సానే. అన్నం తినేటప్పుడు ఏదో చెప్పింది..."

"లిస్టుల పదకొండు పేర్లొచ్చినయ్. ఫోన్లు చేసింది నేను. నాలుగో పేరు సైలస్, అక్సానే రాయించింది. ఓ నెగెటివ్, ఏ.ఎస్. రావు నగర్. ఒక తల్లికి అర్జెంట్ అని చెప్పిన. విజయవాడల ఉన్న, రెండు రోజులైతది అన్నరు. ఫోన్ల మీ ఎనక నుంచి బస్ కండక్టర్ కాప్రా, కాప్రా అని పిలుస్తుండు సార్."

యూసుఫ్ భాయ్ స్టవ్ తగ్గించాడు.

సార్ గ్లాసు కింద పెట్టాడు. "సూదంటే నాకు చిన్నప్పటి నుంచి భయమమ్మా" అన్నాడు. ఆయన అంత చిన్న వాక్యం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. "ఆ తల్లి ఎట్లుంది?"

"బాగుంది. లిస్టుల ఐదో పేరాయన కూతురి స్కూల్ నుంచి అటే ఉరికొచ్చిండు. పాప సుత బాగుంది." హదస్సా చాయ్ ముగించింది. "ఇయ్యాల చర్చి హాల్‌ల మా రక్తదాన క్యాంప్ ఉంది సార్. ఒంటిగంట దాంక ఉంటం."

ఆమె రమ్మనలేదు. రోడ్డు దాటి వెళ్లిపోయింది. సార్ కాసేపు ఆ హాలు వైపు చూసి, చొక్కా చేతి గుండీ విప్పి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ విప్పాడు. "ఎంత తీస్తరు?" అని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. బిక్షం ఆయన పక్కన నడిచాడు.

హాల్లో మంచం మీద పడుకోబెట్టి, చేతికి పట్టీ బిగించి, హదస్సా అంది, "అటు దిక్కు చూస్తూ ఏమన్న చెప్పండి సార్. మాట్లాడుతుంటే నొప్పి తెల్వదు."

సైలస్ సార్ నోరు తెరిచాడు. ఒక్క ముక్క రాలేదు.